రెండో షెల్ఫ్‌లోని డిస్కులు మాటిమాటికీ ఊడిపోతున్నాయి: లోపం డిస్కులదా, కేబుల్‌దా?

భాండారి (ప్రశ్న)

నమస్కారం. నేను చూసుకుంటున్న బ్యాకప్ సర్వర్‌కు రెండు బాహ్య డిస్క్ షెల్ఫ్‌లు కలిపి ఉన్నాయి. సర్వర్ లినక్స్‌పై నడుస్తోంది. అందులోని ఎస్ఏఎస్ (డిస్కులను సర్వర్‌కు కలిపే ఒక ప్రమాణం) హోస్ట్ కార్డ్ 12 గిగాబిట్ల తరానిది, దానికి వెనకవైపు ఎస్ఎఫ్ఎఫ్-8644 పోర్టులు రెండు ఉన్నాయి. షెల్ఫ్‌లు మాత్రం 6 గిగాబిట్ల పాత తరానివి, వాటి పోర్టులు ఎస్ఎఫ్ఎఫ్-8088 రకానివి కాబట్టి కార్డ్ నుంచి వచ్చే కేబుళ్లకు ఒక చివర 8644, మరో చివర 8088 కనెక్టర్లు ఉన్నాయి. ఒక్కో షెల్ఫ్‌లో 12 డిస్కులు, ఏ, బీ అనే రెండు ఐఓ మాడ్యూళ్లు (డిస్కులను బయటి కేబుళ్లకు కలిపే భాగాలు) ఉన్నాయి. కార్డ్ మొదటి పోర్టు నుంచి మొదటి షెల్ఫ్ ఏ మాడ్యూల్‌కు, అక్కడి నుంచి రెండో షెల్ఫ్ ఏ మాడ్యూల్‌కు ఒక గొలుసు వెళ్తుంది. రెండో పోర్టు నుంచి సరిగ్గా ఇదే వరుసలో బీ మాడ్యూళ్లకు మరో గొలుసు వెళ్తుంది. ఒకే డిస్కును రెండు మార్గాల్లో చేరేందుకు మల్టీపాత్ అమర్చి ఉంది, మామూలు వేళల్లో ప్రతి డిస్కుకూ రెండు మార్గాలు కనిపిస్తాయి.

సమస్య ఎప్పుడూ రాత్రి బ్యాకప్ జోరుగా సాగుతున్నప్పుడే తలెత్తుతోంది. ముందు రాత వేగం ఉన్నట్టుండి పడిపోతుంది. తర్వాత మొదటి షెల్ఫ్‌లోనివి సహా డిస్కులన్నీ ఊపిరి బిగబట్టినట్టు కొంతసేపు ఆగిపోతాయి. ఆపైన రెండో షెల్ఫ్‌లోని ఒకటి రెండు డిస్కులను రెయిడ్ (డిస్కులను ఒకే సమూహంగా నడిపే వ్యవస్థ) విఫలమైనవిగా ప్రకటించి పక్కన పెడుతుంది. ప్రతిసారీ అవే డిస్కులు కావు. అలా పక్కకు వచ్చిన డిస్కును వేరే యంత్రంలో పెట్టి పూర్తి స్వయంపరీక్ష నడిపితే ఏ లోపమూ కనిపించడం లేదు. షెల్ఫ్ వెనక కేబుళ్లను తీసి మళ్లీ పెడితే కొన్నాళ్లు సవ్యంగా నడుస్తుంది, తర్వాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

డిస్కులు మార్చుకుంటూ పోవడం దండగ అని అర్థమవుతోంది గానీ, లోపం కేబుల్‌లో ఉందా, పోర్టులో ఉందా, మాడ్యూల్‌లో ఉందా అన్నది ఊహతో కాకుండా ఆధారంతో తేల్చడం ఎలా? రెండు మార్గాలు ఉన్నప్పుడు ఒకటి దెబ్బతింటే రెండోది ఆదుకోవాలి కదా, డిస్కు విఫలమైనట్టు ఎందుకు నమోదవుతోంది? షెల్ఫ్‌ల మధ్య కేబుళ్లు అవసరమైన దానికన్నా చాలా పొడవైనవి, మిగిలిన భాగాన్ని చుట్టచుట్టి ర్యాక్ స్తంభానికి కట్టారు. దాని ప్రభావం ఉంటుందా? సర్వర్ నడుస్తుండగా కేబుల్ తీయవచ్చా?

ఇదే సర్వర్ నుంచి నకలు తీసుకునే ఒక యూఎస్‌బీ పోర్టబుల్ డిస్కు కూడా పెద్ద ఫైళ్లు వెళ్తుండగా మధ్యలో తెగిపోతోంది. దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటున్నాను, అయినా తెలిసినవారు చెబితే మేలు.

ర్యాక్‌వెనక

భాండారి గారూ, విఫలమయ్యే డిస్కు ప్రతిసారీ మారుతోంది, కేబుల్ కదిపితే కుదుటపడుతోంది అన్నారు. ఈ రెండు లక్షణాలు చాలు, డిస్కులను ప్రస్తుతానికి అనుమానితుల జాబితాలోంచి తప్పించడానికి. అయితే కేబుల్‌ను తీసి పెట్టడం వైద్యమూ కాదు, పరీక్షా కాదు. స్పర్శబిందువులు కాస్త రాపిడికి లోనై కొన్నాళ్లు మెరుగ్గా పనిచేస్తాయి, అంతే. అసలు సమాచారం లింకుల దగ్గరే నమోదై ఉంటుంది, దాన్ని చదవాలి.

మీ కేబుల్ చూడటానికి ఒకటే అయినా లోపల నాలుగు లేన్లు ఉంటాయి. ఒక్కో లేన్‌లో పంపడానికి ఒక జంట, అందుకోవడానికి ఒక జంట చొప్పున మొత్తం ఎనిమిది జంటల తీగలు నడుస్తాయి. ప్రతి లేన్ చివరా ఉండే ట్రాన్స్‌సీవర్‌ను (సంకేతం పంపి, అందుకునే భాగాన్ని) ఫై అంటారు (కంప్యూటర్ ఫైల్ కాదు); నాలుగు ఫైలు కలిసి ఒక వెడల్పు పోర్టుగా పనిచేస్తాయి. 6 గిగాబిట్ల చొప్పున నాలుగు లేన్లు కలిస్తే 24 గిగాబిట్లు. 8బీ/10బీ సంకేతీకరణలో ప్రతి బైటూ తీగపై పది బిట్లుగా ప్రయాణిస్తుంది కాబట్టి సెకనుకు గరిష్ఠంగా 2,400 మెగాబైట్లు అని లెక్క. ఇందులో ఒక లేన్ పోతే 1,800 మిగులుతుంది. చిక్కేమిటంటే మూడు లేన్లతోనూ పోర్టు పనిచేస్తూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, డిస్కులన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి దీపాన్ని నమ్ముకుని లాభం లేదు.

ప్రతి ఫై నాలుగు రకాల దోషాలను విడివిడిగా లెక్కపెడుతుంది: చెల్లని డీవర్డ్‌లు (డీవర్డ్ అంటే నాలుగు బైట్ల ముక్క), రన్నింగ్ డిస్పారిటీ దోషాలు (తీగపై ఒకట్లు, సున్నాల సమతుల్యం తప్పడం), డీవర్డ్ సమకాలీకరణ తప్పిన సందర్భాలు, ఫై రీసెట్ సమస్యలు. లినక్స్‌లో సిస్ డైరెక్టరీ కింద క్లాస్, దాని కింద ఎస్ఏఎస్ ఫై అనే విభాగంలోకి వెళ్తే కార్డ్ ఫైలకూ, షెల్ఫ్‌లలోని ఎక్స్‌పాండర్ (ఒక లింకును అనేక డిస్కులకు పంచే చిప్) ఫైలకూ ఒక్కో డైరెక్టరీ ఉంటుంది. ఈ నాలుగు అంకెలూ అందులోనే ఫైళ్లుగా దొరుకుతాయి. పక్కనే కుదిరిన లింకు వేగం కూడా ఉంటుంది. మీ వ్యవస్థలో అది అన్నిచోట్లా 6 గిగాబిట్లు ఉండాలి. ఏదైనా ఫై 3 గిగాబిట్ల దగ్గర ఆగిపోయి ఉంటే, 6 దగ్గర సంకేతం నిలబడక కిందికి దిగిందనే ముందుగా అనుమానించాలి. డిస్కు వైపు లెక్కలు కావాలంటే స్మార్ట్‌సీటీఎల్ ఆజ్ఞలో ఎస్ఏఎస్ ఫై లాగ్ అడగవచ్చు.

ఈ అంకెలను చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, విద్యుత్ ఇచ్చినప్పుడూ, కేబుల్ ఊడదీసి పెట్టినప్పుడూ కొన్ని దోషాలు ఎలాగూ నమోదవుతాయి, కాబట్టి ఉన్న అంకె పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యం కాదు. ఇప్పటి విలువలన్నీ ఒక ఫైల్‌లో రాసుకుని, రెండో షెల్ఫ్‌లోని డిస్కులన్నిటినీ ఒకేసారి చదివించి, ఆ తర్వాత విలువలను మళ్లీ తీసి తేడా చూడండి. రాత్రి బ్యాకప్ అంత ఒత్తిడి పగలే సృష్టించాలి. ఊరికే ఉన్న లింకు ఎంత చెడ్డదైనా అమాయకంగా కనిపించవచ్చు. రెండోది, చెల్లని డీవర్డ్‌ను లెక్కపెట్టేది దాన్ని అందుకున్న ఫై. రెండో షెల్ఫ్ ప్రవేశ పోర్టులో అంకె పెరిగితే, మొదటి షెల్ఫ్ నుంచి అటువైపు వెళ్తున్న సంకేతం దారిలో పాడైందని అర్థం. అవతలి చివర సున్నాగా ఉంటే తిరుగుదారి బాగుందన్న మాట. అంటే పంపుతున్న ఫై, ఆ ఒక్క జంట తీగ, అందుకుంటున్న ఫై మాత్రమే అనుమానంలో మిగులుతాయి.

గొలుసులో దోషం ఉన్న స్థానమూ ఇలాగే తేలుతుంది. కార్డ్‌కూ మొదటి షెల్ఫ్‌కూ మధ్య మార్పు లేకుండా, షెల్ఫ్‌ల మధ్య మాత్రమే అంకె పెరిగితే ఆ మధ్య కేబుల్‌ను, దాని రెండు చివరల పోర్టులను చూడాలి. బయటి పోర్టుల ఫైలన్నీ శుభ్రంగా ఉండి ఒకే ఒక్క డిస్కు స్లాట్ ఫైలో పెరిగితే ఆ డిస్కును లేదా బ్యాక్‌ప్లేన్‌లోని (డిస్కులు గుచ్చుకునే బోర్డ్‌లోని) ఆ స్లాట్‌ను అనుమానించాలి. మీ షెల్ఫ్‌లో సాటా (మామూలు కంప్యూటర్లలో వాడే రకం) డిస్కులు ఉంటే, డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో 199వ లక్షణం సీఆర్‌సీ దోషాలను (దారిలో డేటా పాడైన సందర్భాలను) చూపిస్తుంది. అది డిస్కు లోపలి పళ్లేల గురించి కాక డిస్కుకు చేరే లింకు గురించి చెప్పే అంకె, తిరిగి సున్నాకు రాదు, కనుక అక్కడా పెరుగుదలే చూడాలి. పళ్లేల ఆరోగ్యం గురించి చెప్పేవి 5, 197, 198 లక్షణాలు. ఈ రెండు తెగలనూ కలిపి చదివి మంచి డిస్కులను పారేసేవారు చాలామందే ఉంటారు.

ఇక రెండు మార్గాలున్నా డిస్కు ఎందుకు విఫలమవుతోంది అన్న ప్రశ్న. మార్గం పూర్తిగా తెగిపోతే మల్టీపాత్ వెంటనే గుర్తించి రెండోదానికి మారుతుంది. సగం బతికి ఉన్న మార్గంతోనే తంటా. పంపిన ఆదేశం దారిలో పాడవుతుంది, మళ్లీ పంపుతారు, అదీ పాడవుతుంది. లినక్స్‌లో ఒక్కో ఆదేశానికి మామూలుగా 30 సెకన్ల గడువు ఉంటుంది. గడువు తీరాక రద్దు, రీసెట్ వంటి దిద్దుబాట్లు మొదలవుతాయి. ఈలోగా ఆరోగ్య పరీక్ష కోసం మల్టీపాత్ పంపే చిన్న ఆదేశం అదృష్టవశాత్తూ దాటిపోతే మార్గం బాగానే ఉందని అది నమ్ముతుంది. దానికి తోడు లేన్ తెగి అతుక్కున్న ప్రతిసారీ ఎక్స్‌పాండర్ మార్పు జరిగిందని గొలుసంతటికీ చాటింపు వేస్తుంది, కార్డ్ మళ్లీ అన్ని పరికరాలనూ వెతుక్కుంటుంది. మొదటి షెల్ఫ్ డిస్కులు కూడా ఆగిపోతున్నాయని మీరు రాసింది దీనివల్లే అయి ఉండాలి.

అంకెలు తీశాక ఏ, బీ గొలుసుల్లోని మధ్య కేబుళ్లను తారుమారు చేసి అదే పరీక్ష మళ్లీ నడపండి. దోషం కేబుల్ వెంట వెళ్తే కేబుల్‌ది, అక్కడే ఉండిపోతే పోర్టుది. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చాలి.

రాత్రిడ్యూటీ

ర్యాక్‌వెనక గారు అంకెల గురించి చెప్పినదంతా సబబే. చివరి సలహాతో మాత్రం ఏకీభవించలేను. నడుస్తున్న వ్యవస్థలో అనుమానం ఉన్న కేబుల్‌ను బాగున్న మార్గంలోకి తెచ్చిపెట్టడం అంటే, మిగిలి ఉన్న ఒక్క ఆధారాన్నీ కదిలించడమే. తారుమారు చేసే వ్యవధిలో ఏదో ఒక క్షణంలో రెండో షెల్ఫ్‌కు రెండు మార్గాలూ లేకుండా పోతాయి. అప్పుడు 12 డిస్కులు ఒక్కసారిగా మాయమై రెయిడ్ మొత్తం కూలుతుంది. బాగుందని ముందే నిర్ధారించుకున్న మూడో కేబుల్ తెచ్చి, అనుమానం ఉన్నదాని స్థానంలో పెట్టి చూడండి. తారుమారు పరీక్షను సర్వర్ ఆపి ఉన్నప్పుడు మాత్రమే చేయాలి.

నడుస్తుండగా కేబుల్ తీయవచ్చా అన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎస్ఏఎస్ ఇంటర్‌ఫేస్ అందుకు అనుమతిస్తుంది, విద్యుత్‌పరంగా ఏ హానీ లేదు. అయితే తీసే ముందు 24 డిస్కులకూ రెండో మార్గం సజీవంగా ఉందని మల్టీపాత్ జాబితాలో ఒక్కొక్కటిగా చూడాలి. 23కు ఉండి ఒక్కదానికి లేకపోయినా ఆ ఒక్కటే మీ రాత్రి నిద్ర చెడగొడుతుంది. తీయబోయే మార్గాన్ని ముందుగానే ఆఫ్‌లైన్ చేసి, ఒక్క కేబుల్ మాత్రమే తీసి, కొత్తది పెట్టాక వెతుకులాట ముగిసి మార్గాలన్నీ తిరిగి వచ్చేదాకా ఆగి, అప్పుడే రెండో పనికి వెళ్లాలి.

చుట్ట గురించి: వదులుగా, పెద్ద వలయంగా చుట్టిన కేబుల్ వల్ల నష్టం లేదు. నష్టం చేసేవి మూడు చోట్ల కనిపిస్తాయి. కనెక్టర్ లోహపు తొడుగు నుంచి కేబుల్ బయటికి వచ్చే చోట వెంటనే పడిన మడత ఒకటి. ప్లాస్టిక్ టైతో బిగించి కట్టడం మరొకటి. ఈ కేబుళ్లలో జంటల మధ్య దూరం, వాటి చుట్టూ ఉన్న రేకు తొడుగు ఆకారం చెడకుండా ఉంటేనే 100 ఓమ్‌ల ఇంపెడెన్స్ (సంకేతానికి తీగ చూపే నిరోధం) నిలుస్తుంది. టై నొక్కిన చోట ఆ ఆకారం చెడి సంకేతం కొంత వెనక్కి ప్రతిఫలిస్తుంది. టైని విప్పేసినా నొక్కుడు పడిన జంట పూర్వస్థితికి రాదు, అందుకే వెల్క్రో పట్టీలు వాడమంటారు. మూడోది కేబుల్ బరువంతా కనెక్టర్ మీదే వేలాడటం. మీరు చెప్పిన స్తంభం దగ్గరికి ఒక లైటు పట్టుకుని వెళ్లి చేత్తో తడిమి చూడండి, కంటికి కనపడని నొక్కు వేళ్లకు తెలుస్తుంది.

పొడవు విషయంలో నియమం సులువే: వేగం పెరిగేకొద్దీ యాక్టివ్ కాని రాగి కేబుల్ చేరగల దూరం తగ్గుతుంది. పక్కపక్క షెల్ఫ్‌ల మధ్య అర మీటరు, మహా అయితే ఒక మీటరు చాలినప్పుడు మూడు మీటర్లది పెట్టడం వృథా. అంత పొడవు ప్రమాణాల పరిధిలోనే ఉన్నా, మిగిలిన చోట్ల చిన్న చిన్న లోపాలు ఉన్నప్పుడు వాటిని తట్టుకునే వెసులుబాటును ఆ అదనపు పొడవు ముందే తినేస్తుంది. పాత ఈసాటా (బయటి సాటా) పెట్టెలు వాడేవారికి హద్దు ఇంకా దగ్గర, రెండే మీటర్లు. లోపలి సాటాకైతే ఒక్క మీటరే.

కనెక్టర్ పూర్తిగా కూర్చుందా అన్నదీ చూడండి. ఎస్ఎఫ్ఎఫ్-8644 కనెక్టర్ గొళ్లెం పడకముందే లింకు కలిసిపోగలదు. దీపం వెలుగుతుంది, మనం తృప్తి పడి వచ్చేస్తాం. లాగే పట్టీని ముట్టుకోకుండా లోహపు తొడుగును పట్టుకుని మెల్లగా వెనక్కి లాగినప్పుడు కదలకుండా ఉంటేనే గొళ్లెం పడినట్టు.

ఇంకొకటి, మీరు అడగనిది. రెండు గొలుసులనూ ఒకే వరుసలో కలిపారన్నారు. మొదటి షెల్ఫ్‌కు ఏ కారణం చేతనైనా విద్యుత్ పూర్తిగా పోతే దాని ఏ, బీ మాడ్యూళ్లు రెండూ పోతాయి, వాటి వెనక ఉన్న రెండో షెల్ఫ్ బతికి ఉండి కూడా అందకుండా పోతుంది. బీ గొలుసును తిరగేసి, కార్డ్ రెండో పోర్టు నుంచి ముందు రెండో షెల్ఫ్‌కు, అక్కడి నుంచి మొదటి షెల్ఫ్‌కు కలిపితే ఏ ఒక్క షెల్ఫ్ పోయినా మిగిలినది అందుబాటులో ఉంటుంది. అయితే మీ షెల్ఫ్‌ల తయారీదారు ఆ అమరికకు మద్దతిస్తున్నారో లేదో వారి పత్రాల్లో ముందుగా చూసుకోండి.

చిన్నపోర్టు

నాకు షెల్ఫ్‌ల గురించి తెలిసింది తక్కువ, యూఎస్‌బీ డిస్కు సంగతి చెబుతాను. పోర్టబుల్ డిస్కు అన్నారు కాబట్టి దానికి వేరే అడాప్టర్ లేదని, కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే తీసుకుంటోందని అనుకుంటున్నాను. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. యాంత్రిక డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలోనూ, ఎడతెగకుండా రాస్తున్నప్పుడూ ఆ హద్దు దగ్గరికి వెళ్తుంది, ఒక్కోసారి దాటుతుంది. కేబుల్ సన్నగా, పొడవుగా ఉంటే 5 వోల్టుల్లో కొంత తీగలోనే ఖర్చయిపోతుంది. అప్పుడు డిస్కు టిక్కుమని శబ్దం చేసి ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలవుతుంది. మీరు విన్నది ఇలాంటి శబ్దమే అయితే సొంత అడాప్టర్ ఉన్న హబ్ ద్వారా కలిపి చూడండి. సర్వర్ ముందు భాగంలోని పోర్టులకు లోపల మరో కేబుల్ ఉంటుంది, కాబట్టి పరీక్ష కోసమైనా మదర్‌బోర్డ్‌పై నేరుగా ఉండే వెనక పోర్టు వాడండి.

శబ్దం ఏదీ లేకుండా తెగిపోతుంటే ముందు ఏ వేగంతో కలిసిందో చూడాలి. ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆజ్ఞను చెట్టు రూపంలో చూపమని అడిగితే ప్రతి పరికరం పక్కనా వేగం కనిపిస్తుంది: 480 అంటే యూఎస్‌బీ 2.0, 5000 అంటే 3.0. మూడో తరం డిస్కు పక్కన 480 ఉంటే నకలు వేగం సెకనుకు 30, 40 మెగాబైట్లు దాటదు. దీనికి రెండు మామూలు కారణాలు ఉన్నాయి. టైప్-సీ కేబుల్ అయితే అది ఛార్జింగ్ కోసం చేసినది కావచ్చు. అలాంటి చాలా కేబుళ్లలో వేగవంతమైన జంటలు అసలు ఉండనే ఉండవు, బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. టైప్-ఏ అయితే ప్లగ్‌ను మరీ నెమ్మదిగా దూర్చడం కూడా కారణం కావచ్చు: అందులో పాత తరానివి నాలుగు, కొత్తవి ఐదు స్పర్శబిందువులు వేర్వేరు వరుసల్లో ఉంటాయి, పాతవి ముందుగా తగిలితే పరికరం 2.0గానే కలిసిపోతుంది. తీసి ఒక్క ఊపులో పెడితే సరిపోతుంది. వినడానికి నమ్మశక్యంగా ఉండదు గానీ నిజం.

వేగం సరిగానే ఉండి, కెర్నల్ లాగ్‌లో యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులకు వేగంగా ఆదేశాలు పంపే పద్ధతి) పేరుతో ఆదేశం రద్దయినట్టు, వెంటనే పరికరం రీసెట్ అయినట్టు వరుసలు కనిపిస్తే డిస్కు పెట్టెలో యూఎస్‌బీకీ డిస్కుకూ మధ్య ఉండే బ్రిడ్జ్ చిప్‌ను అనుమానించాలి. కొన్ని చిప్‌లు యూఏఎస్‌ను సరిగా అమలు చేయవు. కెర్నల్‌కు ఆ పరికరం తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య చెప్పి యూఏఎస్ వద్దనే క్వర్క్ (మినహాయింపు సూచన) పెడితే పాత పద్ధతిలో, కాస్త తక్కువ వేగంతో, తెగకుండా నడుస్తుంది. అయితే ఇది ఆఖరి మెట్టు. ముందు కేబుల్ మార్చండి, తర్వాత పోర్టు, ఆ తర్వాతే ఇది.

కాంతితంతు

భాండారి గారి వ్యవస్థలో ఫైబర్ లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను; ఇదే చర్చను వెతుక్కుంటూ వచ్చేవారికి పనికొస్తుంది. ఫైబర్ ఛానల్ (కాంతితంతువులపై డిస్కులను కలిపే పద్ధతి) స్టోరేజ్‌లో తర్కం ఇదే, చూడాల్సిన అంకె వేరు. ట్రాన్స్‌సీవర్ తాను అందుకుంటున్న కాంతి శక్తిని డీబీఎంలలో (శక్తిని కొలిచే ప్రమాణంలో) చెబుతుంది. అది తగ్గి ఉండి, అవతలి చివర పంపుతున్న శక్తి మామూలుగా ఉంటే, నష్టం దారిలో జరుగుతోందని అర్థం. అందులో చాలా భాగం కనెక్టర్ ముఖంపై పేరుకున్న దుమ్మే. కొత్త కేబుల్‌ను కూడా పెట్టేముందు తుడవాలి, ఎందుకంటే ప్లాస్టిక్ మూత లోపలి దుమ్ము కూడా ముఖానికి అంటుకుంటుంది. లింకు అసలే రాకపోతే ఎల్‌సీ కనెక్టర్‌లోని రెండు పోగులను తారుమారు చేసి చూడండి. పంపేది పంపేదానికే ఎదురైతే రెండు వైపులా చీకటే.

వేగం పెంచినప్పుడు పాత కేబుల్ చాలకపోవడం కూడా తరచుగా కనిపిస్తుంది. ఓఎం3 రకం మల్టీమోడ్ ఫైబర్‌పై 8 గిగాబిట్ల ఫైబర్ ఛానల్ 150 మీటర్లు వెళ్తుంది, 16 అయితే 100 మీటర్లు, 32 అయితే 70 మీటర్లే. ట్రాన్స్‌సీవర్ తరాలు కూడా చూడాలి: 32 గిగాబిట్లది 16కు, 8కి దిగగలదు, 4కు దిగలేదు. పోగు చివరను కంటికి ఎదురుగా పెట్టి వెలుగు వస్తోందా అని చూడకండి, 850 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించకుండానే లోపలికి వెళ్తుంది.

భాండారి

అందరికీ ధన్యవాదాలు. అంకెలు తీశాను. ఏ గొలుసంతా శుభ్రంగా ఉంది. బీ గొలుసులో కార్డ్ నుంచి మొదటి షెల్ఫ్ వరకు ఏ మార్పూ లేదు. రెండో షెల్ఫ్ బీ మాడ్యూల్ ప్రవేశ పోర్టులోని నాలుగు ఫైలలో మూడు కదలలేదు. నాలుగోదానిలో ఒత్తిడి పరీక్ష మొదలైనప్పటి నుంచి ముగిసేసరికి చెల్లని డీవర్డ్‌లు 41,207, డిస్పారిటీ దోషాలు 39,860 పెరిగాయి, సమకాలీకరణ ఆరుసార్లు తప్పింది. అవతలి చివర, అంటే మొదటి షెల్ఫ్ నిర్గమ పోర్టులో, అదే లేన్ లెక్క సున్నా. కుదిరిన వేగం మాత్రం అన్నిటా 6 గిగాబిట్లే చూపిస్తోంది.

రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు స్తంభం దగ్గర తడిమి చూస్తే బీ కేబుల్‌పై ప్లాస్టిక్ టై దిగిన చోట స్పష్టంగా నొక్కు తగిలింది. బీ మార్గాన్ని ఆఫ్‌లైన్ చేసి, ఒక మీటరు పొడవున్న, వేరే చోట పరీక్షించిన కేబుల్ పెట్టి అదే ఒత్తిడి పరీక్ష నడిపాను. నాలుగు ఫైలలోనూ ఒక్క దోషం కూడా పెరగలేదు. యూఎస్‌బీ డిస్కు పక్కన 480 అని కనిపించింది. దాని కేబుల్ ఫోన్‌తో వచ్చినది, మార్చాక 5000 చూపిస్తోంది. తెగిపోవడం ఆగిందో లేదో పెద్ద నకలు నడిపితే గానీ తెలియదు.

రెండు సందేహాలు మిగిలాయి. కేబుల్ మార్చాక కూడా రెండు మార్గాలూ కలిపి చదివే వేగం సెకనుకు 4,800 మెగాబైట్ల దరిదాపులకు కాదు కదా, 4,000కు కూడా చేరడం లేదు. రెండోది, తీసేసిన మూడు మీటర్ల కేబుల్‌లో మూడు లేన్లు బాగానే ఉన్నాయి కదా, తక్కువ ఒత్తిడి ఉండే చోట వాడుకోవడానికి దాచవచ్చా? బీ గొలుసును తిరగేసే పనిని వచ్చే నిర్వహణ విరామంలో పెట్టుకున్నాను.

ర్యాక్‌వెనక

ఒకే దిశలో ఒకే జంట దెబ్బతిందని అంకెలే చెబుతున్నాయి. రాత్రిడ్యూటీ గారి పద్ధతిలో మూడో కేబుల్‌తో చూడటమే ఇక్కడ మేలైంది, నా తారుమారు సలహా కన్నా అదే భద్రం. పరీక్ష ఒక్కటి శుభ్రంగా వచ్చిందని వదిలేయకుండా రాత్రి బ్యాకప్‌కు ముందూ తర్వాతా ఈ అంకెలను తీసి తేడా పంపే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి.

వేగం సంగతికి వస్తే, కార్డ్ కూర్చున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ చూడండి. ఎల్ఎస్‌పీసీఐ వివరమైన జాబితాలో కార్డ్ సామర్థ్యం ఒక వరుసలో, ప్రస్తుతం కుదిరిన స్థితి మరో వరుసలో ఉంటాయి. మూడో తరం ఎనిమిది లేన్ల కార్డ్‌కు సెకనుకు సుమారు 7,800 మెగాబైట్లు దొరుకుతాయి, నాలుగు లేన్ల దగ్గర ఆగితే 3,900. మీరు చెప్పిన 4,000 హద్దు నాకు ఇదే అనిపిస్తోంది. పొడవుగా కనిపించే స్లాట్‌లన్నిటికీ లోపల అన్ని లేన్లూ కలిపి ఉండవు, మదర్‌బోర్డ్ పటంలో చూసి కార్డ్‌ను మార్చండి. అదీ సరిగానే ఉంటే డిస్కులే హద్దు కావచ్చు: 24 యాంత్రిక డిస్కులు సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున చదివినా ఆ వేగం పళ్లెం బయటి అంచున మాత్రమే ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

రాత్రిడ్యూటీ

కార్డ్ స్లాట్ మార్చడం, గొలుసు తిరగేయడం రెండూ ఒకే విరామంలో చేస్తారు కాబట్టి వరుస చెబుతాను. ముందు సర్వర్ ఆపండి, తర్వాత షెల్ఫ్‌లు. తిరిగి ఇచ్చేటప్పుడు షెల్ఫ్‌లకు ముందు విద్యుత్ ఇచ్చి, డిస్కులన్నీ తిరగడం మొదలై మాడ్యూల్ దీపాలు నిలకడగా వెలిగేదాకా ఆగి, అప్పుడు సర్వర్. సర్వర్ ముందుగా లేస్తే సగం డిస్కులతో రెయిడ్‌ను కూర్చే ప్రయత్నం చేయవచ్చు. కేబుళ్ల రెండు చివరలా ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకు అన్న చీటీలు తీయడానికి ముందే అంటించండి. లేచాక 24 డిస్కులకూ రెండేసి మార్గాలు ఉన్నాయని చూసి, ఒక్కో మార్గాన్ని విడిగా ఆఫ్‌లైన్ చేసి రెండో దానిపై చదువు సాగుతోందో లేదో పరీక్షించండి. ఆ తర్వాతే బ్యాకప్ పనిని తిరిగి మొదలుపెట్టండి.

తీసేసిన కేబుల్‌ను దాచకండి. మూడు లేన్లు బాగున్నాయన్నది ఈ రోజు మాట. నొక్కు పడిన చోట మిగిలిన జంటలు కూడా అదే ఒత్తిడికి గురయ్యాయి. పైగా స్పేర్ పెట్టెలోకి వెళ్లిన కేబుల్ ఏదో ఒక అర్ధరాత్రి, చీటీ ఊడిపోయిన స్థితిలో, బాగున్న కేబుల్‌గా మరొకరి చేతికి వస్తుంది. రెండు చివరలా కనెక్టర్లు కత్తిరించి ఈ-వ్యర్థాల్లో వేసేయండి.